ఊపిరికి కొసరు

మొన్న జనగామ కూరగాయల మార్కెట్లో నేను కొసరు తిరిగి ఇచ్చేశాను. పావుకిలో పచ్చిమిర్చి తూచి సంచిలో పోసిన ఆమె, అలవాటు ప్రకారం ఇంకో నాలుగు కాయలు పైన వేసింది. నా చేయి దానంతట అదే సంచిలోకి పోయి, ఆ నాలుగూ ఏరి మళ్లీ గంపలో పెట్టింది.

"ఏందక్కా, పుచ్చులున్నయా?"

"లేవమ్మా. తూకం సరిపోయింది, చాలు."

పక్కన కొత్తిమీర కట్టలు పెట్టుకున్న ఆమె, మిర్చి అమ్మే ఆమెను మోచేత్తో పొడిచింది. "నిరుడు కట్టల రెండు రెమ్మలు తక్కువున్నయని నాతోని పెద్ద లొల్లి వెట్టుకున్నది గీ అక్కనే. పానం బాగలేదేమో అడుగు జర."

వాళ్ల అనుమానం న్యాయమైనదే. మానుకోటలో కిరాణా, మిర్చి దుకాణం వాళ్ల ఆడపిల్లను. జనగామలో స్టీలు సామాన్ల దుకాణం ఇంటికి కోడలిని. ఉగ్గుపాలతోపాటు బేరం తాగాను. చిల్పూరు గుట్టెక్కి దేవుడికి మొక్కినప్పుడు కూడా మొదట అనుకున్నదాంట్లో సగమే చెప్తాను, ఆయన పెంచమంటే అప్పుడు చూద్దాం అని. అలాంటిదాన్ని చేతిలో పడ్డ కొసరు వెనక్కి ఇచ్చానంటే, అది నా బుద్ధి మారి కాదు. ఒక మనిషి పోవడం వల్ల.

ఆమె కంటే ముందు ఆమె దగ్గు వచ్చేది. సందు మలుపులో అది వినపడగానే మా బాపు గల్లా ముందు నుంచి తలెత్తకుండానే "చెల్లె అచ్చింది, చాప పరువుండ్రి" అనేవాడు. మానుకోట పక్క తండా ఆమెది. మిర్చి దిగే కాలంలో మా దుకాణం వెనక వాకిట్లో కూర్చుని తొడిమలు తుంచేది, తెల్లబారిన తాలుకాయలు ఏరేది. ఆ ఘాటుకు మేం వాకిట్లో అడుగుపెడితే తుమ్ములే తుమ్ములు. ఆమె ముక్కుకు ఓణీ చెంగు అడ్డం కట్టుకుని పొద్దస్తమానం కూర్చునేది. బాపు చెల్లె అనేవాడు కనుక నాకు అత్త.

కూర్చునే తీరు వేరు. రెండు మోచేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి, కదలబోయే బండిని పట్టుకున్న మనిషిలా కూర్చునేది. ఊపిరి వదిలేటప్పుడు పెదవులు సున్నాలా చుట్టి, పొయ్యి ఊదినట్టు నెమ్మదిగా "ఉఫ్‌ఫ్" అని వదిలేది. పొయ్యి ఊదీ ఊదీ వచ్చిన అలవాటనే అనుకున్నాను. తండాలో పచ్చికట్టెల పొయ్యి, చేతిలో ఊదుగొట్టం, చిన్నప్పటి నుంచీ ఆమె బతుకు దాని ముందే. పొగ ఆమెలోకి, గాలి పొయ్యిలోకి.

మాట కూడా ముక్కలు ముక్కలుగా వచ్చేది. ముఖ్యంగా బేరంలో. సీతాఫలాల కాలంలో గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. "గంపెడు తీస్కుంటే..." అని ఆగేది. ఎదుటివాడు మిగతా మాట కోసం చూసేవాడు. ఆమె ఊరుకునేది. వాడికి గుబులు పుట్టి, ఆమె అడగబోయే ధర కంటే తనే కాస్త పెంచి చెప్పేసేవాడు. ఎంత ఒడుపు అని మురిసిపోయి నేను ఆ ఆగడాన్ని నేర్చుకున్నాను. ఇప్పటికీ హోల్‌సేల్ వాళ్లతో మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో ఆగుతాను. నా ఖ్యాతిలో సగం ఆ ఆగడానిదే. అది ఒడుపు కాదు, ఆమెకు అప్పటికే ఊపిరి చాలేది కాదు అని తెలిసేసరికి నా జుట్టు తెల్లబడింది.

కొసరు లేకుండా ఆమె ఏదీ అమ్మలేదు, ఏదీ కొనలేదు. సీతాఫలాలు లెక్కపెట్టి ఇచ్చాక ఒకటి పైన. ఉప్పు తూచాక బాపు చేతి నుంచి ఒక చిటికెడు పైన. బాపు విసుక్కునేవాడు.

"తూకం సరిగ్గ ఉన్నంక గిదేంది చెల్లె?"

"తూకం... తరాజుది సేటూ. కొసరు... మనిషిది."

బాపు మళ్లీ బస్తాలో చేయి పెట్టేవాడు. చిటికెడు ఉప్పు వేసేవాడు.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు దుకాణం ముందుకు రంగుల గొడుగులవాడు వచ్చాడు. పెద్దది కావాలన్నాను. బాపు కొననన్నాడు. నేను వాకిట్లోకి పోయి, మిర్చి రాశి పక్కన నిలబడి, కొనేదాకా ఊపిరి తీసుకోనని బుగ్గలు బిగించాను. బాపు పరుగెత్తుకొచ్చాడు. "సరె, చిన్నది కొంట తియ్" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. చచ్చిపోతూ కూడా బేరం వదల్లేదు.

ఆమె తాలుకాయలు ఏరుతూనే నవ్వింది. "ఇయ్యకు సేటూ. లోపల ఒగడుంటడు. ఆడు... గీ పోరితోని బేరమాడడు. మెడలు వట్టి... గుంజుతడు. సూడు."

చూశారు. ఛాతీలో మంట లేచింది, చెవుల్లో హోరు, కళ్ల ముందు ఎర్రగా. నేను వద్దంటున్నా నా నోరు నన్ను అడక్కుండా తెరుచుకుంది. వాకిట్లో ఉన్న మిర్చి ఘాటంతా ఒక్క గుక్కలో లోపలికి పోయింది. తర్వాత తుమ్ములు, దగ్గు, ఏడుపు. ఆమె జాలిపడి తన చెంగుతో నా ముఖం తుడిచింది. ఆ చెంగు నిండా మిర్చి దుమ్మే. పెద్ద గొడుగూ లేదు, చిన్న గొడుగూ లేదు.

"లోపలోడు ఎవరత్తా?" అని అడిగాను ముక్కు చీదుకుంటూ.

"ఏమో బిడ్డా, నేను సూడలే. పండుకున్నా ఇడువడు. ఆనికి... జీతం లేదు, సెలవు లేదు."

తర్వాత నాకు పెళ్లయి జనగామ వచ్చాను. బాపు పోయాడు. ఆమె భర్త పోయాక, కొడుకు భూపాలపల్లిలో బొగ్గుబాయిలో కాంట్రాక్టు పనికి కుదిరి, క్వార్టర్ల వెనక ఒక గది కిరాయికి తీసుకుని తల్లిని తెచ్చుకున్నాడు. ఆ కొడుకు ఒకరోజు ఫోన్ చేశాడు. "సేటక్కా, మా యాడికి దమ్ము అస్తలేదు. వరంగల్ దవాఖానకు తీస్కపోతున్న. ఆడ మాట్లాడనీకి నోరున్న మనిషి గావాలె." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. నోరున్న మనిషి అంటే నేను. పోయాను.

పది రోజులకు పైగా ఉంచుకుని పంపించారు. పంపేముందు డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది. చిన్న వయసే, కళ్ల కింద నిద్రలేని నలుపు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టాలంది. గాలి ఎంత పోతుందో చూపించే గాజు గొట్టంలో ఒక చిన్న గోళీ తేలుతుంటుంది, అది ఒకటో గీత దగ్గరే ఉండాలంది.

"ఒకటెందుకు మేడం, రెండు పెడితే పోదా?" అన్నాను. నాకు నోరాగదు.

"ఇది బేరం కాదమ్మా." ఆమె కోప్పడలేదు. "ఊపిరి బిగబడితే ఉక్కిరిబిక్కిరి అవుతాం కదా. ఎందుకనుకుంటున్నారు?"

"గాలి అందక."

"కాదు. చాలావరకు లోపలిది బయటికి పోక. మనం తీసుకునేది ప్రాణవాయువు, వదిలేది బొగ్గుపులుసు వాయువు. మెదడు అడుగున ఒక కాపలా ఉంటుంది. అది ముఖ్యంగా చూసేది ఆ వదిలేదాన్నే. అది కాస్త మిగిలిపోయి రక్తం పులుపెక్కిందా, ఊపిరి తియ్యమని తరుముతుంది."

నాకు మా వాకిలి గుర్తొచ్చింది. లోపలోడు ఎలాంటి గుమస్తానో అప్పుడు తెలిసింది. గోదాంలో సరుకు ఎంతుందో చూడడు. చెత్తబుట్ట నిండిందా లేదా అదొక్కటే చూస్తాడు. నిండితే మెడపట్టి గుంజుతాడు.

"ఈమెకు ఏళ్ల తరబడి పొగతో, దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యాయి," అంది డాక్టరమ్మ. "ఆ వాయువు పూర్తిగా బయటికి పోవడం ఎప్పుడో మానేసింది. ఎప్పుడూ నిండే ఉంటే కాపలావాడు ఎంతకాలమని అరుస్తాడు? అలవాటు పడిపోయాడు. మెడ దగ్గర ఇంకో చిన్న కాపలా ఉంది. ప్రాణవాయువు బాగా తగ్గితే అది అరుస్తుంది. ఈమె ఇప్పుడు కొంత దాని మీదే నడుస్తోంది. మీరు ఎక్కువ ఇస్తే అది కూడా ఊరుకుంటుంది. అదొక్కటే కాదు. గాలి ఆడని గదులకు రక్తం పోకుండా ఊపిరితిత్తి తలుపులు వేసుకుని ఉంటుంది. ఎక్కువ ఇస్తే ఆ తలుపులు తెరుచుకుంటాయి. అక్కడికి పోయిన రక్తం బొగ్గుపులుసు వాయువును దింపుకోకుండానే తిరిగొస్తుంది. మత్తు కమ్ముతుంది. చూసేవాళ్లకు నిద్రలా ఉంటుంది. అది నిద్ర కాదు."

వేలికి పెట్టి చూసే మిషన్లో ప్రాణవాయువు తొంభై దగ్గర ఉంటే చాలని, అంతకు మించి తేవాలని చూడొద్దని చెప్పింది. కొడుకు ముఖం ముడుచుకున్నాడు.

"కరోనల తొంబైనాలుగు తగ్గితే దవాఖానకు ఉరుకుమన్నరు గద మేడం?"

"అది వేరే జబ్బు బాబూ. అమ్మకు తొంభై అంటే మనకు తొంభైఎనిమిది అనుకో."

అతను తలూపాడు. ఒప్పుకుని ఊపిన తలకూ, మర్యాదకు ఊపిన తలకూ తేడా దుకాణదారుల పిల్లలకు తెలుస్తుంది. అది మర్యాదకు ఊపిన తల.

మిషన్ జనగామలో మా దుకాణం పక్క మందుల దుకాణం వాళ్ల దగ్గరే కిరాయికి ఇప్పించాను. ఊరికే వస్తానా, గొట్టం ఇంకో రెండు బారలు కొసరు వేయించుకున్నాను. ఆ కొసరు పుణ్యాన ఆమె మంచం దగ్గరి నుంచి గడప దాకా రాగలిగింది. నేను చూడబోయినప్పుడు గడపలో ఎండకు కూర్చుని ఉంది. ముక్కుకు గొట్టం, మోకాళ్ల మీద మోచేతులు, పెదవుల మధ్య అదే "ఉఫ్‌ఫ్". బొగ్గు లారీలు పోతుంటే గల్లీ అంతా నల్లటి పొడి. తోపుడుబండి అతనితో వంకాయల బేరం నడుస్తోంది. గొంతు చాలక, చేత్తో చేస్తోంది. అతను వంకాయలు తూచి వెళ్లబోతే, చేయి తీయకుండా అలాగే చాపి ఉంచింది. అతను నవ్వి రెండు టమాటాలు పెట్టాడు.

డాక్టరమ్మ చెప్పిందంతా నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. "నీ లోపలోడికి చెవులు పోయినయట అత్తా."

"ముసలోడయిండు. నాతోనే... అయిండు." కాసేపు ఊదింది. తర్వాత గది లోపల గుయ్యిమంటున్న మిషన్ వైపు గడ్డం చూపించింది. "గా మిషినోడు... నీ లెక్కనే సేటుబిడ్డా. పిసినారోడు. గీత మీదికెల్లి... ఎంట్రుకంత కదలడు. కొసరు లేదు."

"దానికి కొసరు లేదత్తా. ప్రాణం మీదికొస్తది. మేడం చెప్పింది."

"కొసరు లేని బేరం... నేనెన్నడన్న జేసిన్నా?"

నవ్వుతూనే అంది. కొడుకు డ్యూటీకి బూట్లు వేసుకుంటూ మా మాటలు వింటున్నాడు. అతనికి మళ్లీ చెప్పాను. "తమ్మీ, ఒకటో గీత. ఆమె ఏడ్చినా, తిట్టినా." అతను తలూపాడు. మళ్లీ అదే తల.

చలి ముదిరాక ఆమెకు పడిశం పట్టింది. ఫోన్ చేస్తే ఆయాసం ఎక్కువైందన్నాడు. రెండు రోజులకు పొద్దున్నే చేస్తే గొంతులో సంతోషం.

"ఇప్పుడు మంచిగున్నది సేటక్కా. రాత్రికెల్లి మంచిగ నిద్రవోతాంది."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. కింద పెట్టాను.

"గోళీ ఏడున్నది తమ్మీ?"

"ఆడనే ఉన్నది, గీత కాడనే."

ఏ గీత అని అడిగేలోపు ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. జనగామ నుంచి హన్మకొండ, అక్కడి నుంచి భూపాలపల్లి. బస్సులో కూర్చుని నేను చేసిన పని ఒకటే, నా ఊపిరి నేను వింటూ కూర్చోవడం. ఎవరూ చెప్పకుండానే లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. జీతం లేదు, సెలవు లేదు.

గదిలోకి అడుగుపెట్టాను. మిషన్ గుయ్యిమంటోంది. "ఉఫ్‌ఫ్" లేదు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ విన్న ఆ ఊదుడు లేదు. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. జన్మలో వెల్లకిలా పడుకోలేని మనిషి. బుగ్గలు ఎర్రగా, చేతులు వెచ్చగా. చూడ్డానికి ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉంది. చేయి పట్టుకుని ఎత్తితే అరచేయి పిట్ట రెక్కలా టపటపా కొట్టుకుంది. "అత్తా" అని పిలిచాను, కుదిపాను. కనురెప్పలు సగం లేచి పడిపోయాయి. నన్ను చూడలేదు. ఏమీ అనలేదు.

"సూడు సేటక్కా," అని కొడుకు ఆమె వేలికి మిషన్ పెట్టి నాకు చూపించాడు. "తొంబైఎనిమిది! పాసయింది మా యాడి."

గోళీ నాలుగో గీత మీద తేలుతోంది.

నేను పోయి తిప్పుడు బిళ్ల మీద చేయి వేశాను. అతను నా చేయి మీద చేయి వేశాడు.

"ఏం జేస్తున్నవక్కా?"

"తగ్గించాలె. ఇది నిద్ర గాదు తమ్మీ. మేడం చెప్పింది గిదే."

"దమ్ము ఆడక రాత్రంత గిలగిల కొట్టుకున్నదక్కా. 'జర కొసరు ఎయ్ బేటా' అని యాడే అడిగింది. ఏసిన. జర శాంతమైంది. ఇంకింత ఏసిన, పండుకున్నది." తల్లి వైపు చూశాడు. "బాయిల గాలి తగ్గితే పెద్ద ఫ్యాన్ పెంచుతరు. గాలి ఎక్కువై సచ్చినోన్ని నేనేడ సూడలే."

"నీ బాయి వేరు, ఆమె ఛాతి వేరు. తియ్ చెయ్యి."

అతను తీయలేదు. నా ముఖంలోకి చూశాడు. "నువ్వు అన్నిట్ల తగ్గించేటిదానివే గదక్కా. మా యాడి ఊపిరి గూడ తగ్గిస్తవా?"

బతుకంతా ఎవరి నోరు ఎలా మూయించాలో నేర్చుకున్నదాన్ని. ఆ ఒక్క బేరం నెగ్గడానికి నా దగ్గర అరువు తెచ్చుకున్న మాటలు తప్ప ఏమీ లేవు. ఆ మాటలు కూడా నా నోట్లో నుంచి వస్తే పిసినారితనంలాగే వినపడుతున్నాయి. డాక్టరమ్మకు ఫోన్ కలిపి అతని చెవికి పెట్టాను. ఒక్కసారిగా తీసేయొద్దని, తొంభై దగ్గరికి దించి, అంబులెన్సులో వెంటనే తీసుకురమ్మని ఆమె చెప్తుంటే నాకూ వినపడుతోంది. అతని చేయి నా చేయి మీద నుంచి జారింది.

వరంగల్ దవాఖానలో ముఖానికి బిగించే మాస్కు పెట్టి, మిషన్‌తో ఊపిరి లోపలికి నెట్టారు. లోపలోడు చేయాల్సిన పని అది చేసింది. వాడు మాత్రం లేవలేదు. మర్నాడు పొద్దెక్కాక పోయింది.

కొడుకు కాగితాల కోసం పోయినప్పుడు వరండాలో డాక్టరమ్మను అడిగాను. "పడిశంతోనే పోయేదా మేడం?" ఆమె చేతిలోని కేస్ షీటు మడిచింది. "ఊపిరితిత్తులు ఎలాగూ చివరికొచ్చాయి. కానీ పెంచకుండా తెచ్చి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. ఈసారికి ఇంటికి పోయేదనే అనుకుంటున్నాను." నన్ను చూసి, "అతనికి చెప్తారా?" అంది. నేను అత్త సామాన్లు సంచిలో సర్దాను.

దినం అయ్యాక అతను మిషన్ తిరిగి ఇవ్వడానికి జనగామ వచ్చాడు. గుండు మీద ఇంకా వెంట్రుకలు మొలవలేదు. మిషన్ పక్క దుకాణంలో అప్పజెప్పి, గొట్టం మాత్రం చేత పట్టుకుని మా దుకాణంలోకి వచ్చాడు. చుట్టలా చుట్టి, తల్లి ఓణీ అంచు పేలికతో కట్టాడు. ఆ పేలికకు ఒక అద్దం బిళ్ల ఇంకా అంటుకునే ఉంది. స్టీలు బిందెల మధ్య గల్లాబల్ల మీద పెట్టాడు.

"గిది కొసరుగ ఇప్పిచ్చినవు గదక్కా. నీకే ఇద్దామని."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. బిందెల్లో అతని ముఖం నాలుగైదు చోట్ల, పొట్టిగా, పొడుగ్గా, వంకరగా కనపడుతోంది.

"ఒక్కటడుగుత, నిజం జెప్పు. గోళీని గా ఒకటో గీత మీదనే ఉంచితే..." ఆగాడు. అచ్చం తల్లిలాగే మధ్యలో ఆగాడు. నేను మిగతా మాట కోసం చూశాను. అతను ఊరుకున్నాడు. నాకు గుబులు పుట్టింది.

"ఆమె ఊపిరితిత్తులు ఎన్నడో అయిపోయినయి తమ్మీ," అన్నాను. "డాక్టరమ్మే అన్నది."

అతనికి అది చాలలేదు. తల్లి చేయి తీయకుండా చాపి ఉంచినట్టు నిలబడ్డాడు.

"నువ్వు పెంచవట్టే గా దినం నన్ను గుర్తువట్టింది," అన్నాను. "నువ్వు నీళ్లకు బయిటికి పోయినవు సూడు, అప్పుడు. 'సేటుబిడ్డా, ఇగ సుకమైంది' అన్నది."

అతను రెండు చేతులతో ముఖం మూసుకుని, చాలాసేపటికి ఒక పొడుగాటి ఊపిరి వదిలాడు. తర్వాత భూపాలపల్లి బస్సు టైమవుతుందని వెళ్లిపోయాడు.

మొదటి మాట తూకానికి సరిగ్గా ఉంది. రెండోది నేను వేసిన కొసరు.